లక్ష్మీపూర్ ఎద్దు కథ

అమ్మీ రోజారమణీ,

గుణుపూర్‌లో ముసురు వదల్లేదు. పొద్దున్నుంచీ మడిలో నాట్లు వేయిస్తున్నాను. ఏళ్ళ తరబడి మీ నాన్నా నేనూ కబుర్లు చెప్పుకున్న పాడ్‌కాస్ట్ ఆపేశాం.

లక్ష్మీపూర్ సంతలో కొన్న ఎద్దు తాడు తెంపుకొని అమ్మినవాడింటికే పోయిన కథ మీ నాన్న మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. అది మతిమరుపని నాకు తెలుసు. అయినా వినేవాళ్ళు నవ్వుతున్నారని నేనే ప్రతిసారీ, "ఆ ఎద్దు ఏటైందిరా తాతారావూ?" అని అడిగేవాణ్ణి.

మొన్న కథ మధ్యలో ఆగి, "ఇది నీకు ముందే సెప్పేనేట్రా? మరి సెప్పవేటిరా?" అన్నాడు. మైకు కట్టేశాను.

ఆ ఎద్దు కథ ఉన్న ఎపిసోడ్లన్నీ తీసేశాను గాని నువ్వు వినే ఉంటావు. మీ ఇంట్లో ఎవరూ ఆయన్ని ఆ కథ అడక్కుండా చూడు.

బస్సు దగ్గరికి నేను వెళ్ళలేదు. మీ నాన్న ఈ ఉదయం తొలి బస్సుకి రాయగడలో మీ ఇంటికి బయల్దేరాడు.