నల్లకోళ్ల సూప్

మకో

ప్రియమైన ఎటెల్క వదినకి,

పిరోష్క చివరి రోజు ఎలా గడిచిందని అడిగారు. పొద్దున సగం కప్పు టీ తాగింది. కోళ్లను వదిలావా అంది. వదిలానన్నాను. బయట చలిగా ఉందా అంది. లేదన్నాను. మధ్యాహ్నానికి మాట తగ్గింది. ఊపిరి ఆగిందని నర్సు చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. తెలియలేదు. అంతే.

అంత్యక్రియల భోజనానికి సూప్ వండబోతూ పక్కింటి మార్గిట్ అడిగింది, "ఏవి కోయమంటావయ్యా?" నల్లవాటిని చూపించాను. మీ చెల్లెలు పోటీలకు తీసుకెళ్లే పొగరంగు కోళ్ల జోలికి రానివ్వలేదు. మూడు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటినే కలిపి ఉంచాను. పొగరంగుకు పొగరంగే పుడుతుంది కదా. ఆమె కోళ్ల వంశం నిలుస్తుంది. నేను చేయగలిగింది అదొక్కటే.

తోక ఈకలు మాత్రం పీచులా విడిపోతున్నాయి. పేలేమో. మందు చల్లుతున్నాను.

మీ
వెండెల్

సెంతెష్

ప్రియమైన వెండెల్,

మందు ఆపు. పేలు కావు. పొగరంగును పొగరంగుతోనే తరాల తరబడి కలిపితే ఈకలు అలాగే పాడవుతాయి. అందుకే పిరోష్క నా నల్ల పుంజును అరువు తీసుకుంది. పిల్లలన్నీ నల్లగా పుట్టాయి. తల్లి పొగరంగు వాటి లోపల దాక్కుని ఉంది, ఈక గట్టిపడింది. ఈ వసంతంలో వాటిని పొగరంగు పుంజుతో కలపాల్సింది.

నువ్వు చూపించింది వాటినే.

వంటింటి గట్టు మీద, ఆ కోళ్లకు పిరోష్క వేసిన కాలి రింగులు చూశాను. అప్పటికే నువ్వు గరిటెతో వడ్డిస్తున్నావు. తిన్నాను. రెండోసారి కూడా పోయించుకున్నాను.

కాలేజీ చదువు చదివి రంగు చూసి లెక్కేశావు. పిరోష్క ఉండి ఉంటే వారం పాటు నిన్ను ఆటపట్టించేది.

ఆ నల్ల పుంజు ఇంకా నా దగ్గరే ఉంది. నీ పెట్టలతో కలిపితే మొదటి ఏడాది అన్నీ నల్ల పిల్లలే. ఒక్కటీ పిరోష్క కోడిలా ఉండదు. వాటిని నీ పొగరంగు పుంజుతో కలిపితే మరుసటి ఏడాది సగం పొగరంగు. అంతవరకు ఆగగలవా? లేదంటే చెప్పు, ఉన్నవాటిని నేనే తెచ్చుకుంటాను.

నీ వదిన
ఎటెల్క

మకో

ప్రియమైన వదినా,

మార్గిట్‌కు చెప్పాను. "సూప్ బాగుందన్నారు కదయ్యా అందరూ" అంది. తర్వాత ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

పొదగేసిన గుడ్లు తీసేశాను. ఏడాదంతా నల్లవాటికే మేత వేయగలనా అని ఆలోచించాను. వేయలేననడానికి కారణం దొరకలేదు. కోళ్లను పంపను.

రేపు పొద్దున పొగరంగు పుంజును వేరే గూట్లో పెట్టి, మొదటి బస్సుకు బుట్ట తీసుకుని నల్ల పుంజు కోసం మీ దగ్గరికి వస్తాను.

మీ
వెండెల్