అవ్వ బొమ్మ లోపలి వైపు

మైదుకూరు,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి శివకుమారికి,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తానని రాయాలి గానీ, పన్నెండు రోజులుగా కర్నూలు ఆసుపత్రిలో బిడ్డ మంచం పక్కన కూర్చున్నదాన్ని ఆ మాట అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మీ తమ్ముడు నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. నాగశ్రీ రక్తంలో సీసం చేరిందనీ, కడుపునొప్పి, నీరసం, మొహం పాలిపోవడం అన్నీ దానివల్లేననీ, ఆ సీసం ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా ఇంటికి పంపేది లేదని డాక్టరమ్మ అన్నదనీ రాశావు. ఆమె అడిగినవన్నీ వరుసగా రాసి, ఇల్లంతా వెతికి ఒక్కోదానికీ జవాబు రాయమన్నావు. ఆమెకు చూపించాలి కాబట్టి కాగితం మీదే కావాలన్నావు. మంచిదే అయింది. నేను చెప్పాల్సింది ఫోన్లో చెప్పగలిగేది కాదు.

కాటుక సంగతి అడిగావు. కొన్నది కాదు, అమ్మ ఆముదం దీపం మీద పట్టినదే. పసుపు మనం కొమ్ములు కొని మర ఆడించినదే, రంగు కలిసే అవకాశం లేదు. ఇత్తడి గిన్నెల్లో చారు కాచడం మానేసి రెండేళ్లయింది, అవి అటక మీద ఉన్నాయి. గోడల రంగు ఎక్కడా పెచ్చులు ఊడలేదు. నీళ్లు వచ్చేది ప్లాస్టిక్ పైపులోనే.

ఇవన్నీ వెతికి రాస్తున్నానని అనుకోవద్దు. నేను దేన్నీ వెతకలేదు. ఆ సీసం ఎక్కడి నుంచి వచ్చిందో నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసు. మన పుల్లుండల కవరు నుంచి.

చింతపండూ బెల్లమూ జీలకర్రా కారమూ కలిపి మా కన్యకమ్మ అవ్వ మొదలుపెట్టిన వ్యాపారం. కవరు మీద పసుపు చీరలో ఆమె బొమ్మ వేయించింది మా నాయన. పోయిన దసరా ముందు బడి దగ్గర ఆ కవర్లు తొక్కుతూ పోతున్న పిల్లల్ని చూసి అమ్మ ఏడుస్తూ ఇంటికి రావడం నీకు గుర్తుండే ఉంటుంది. "అవ్వ మొగం మింద కాళ్లు పెడతాండారు రా. ఇంగ ఈ పాపం మనకు వద్దు" అంది. బొమ్మ తీసేద్దామంటే అవ్వ లేని సరుకు ఎవరు కొంటారని నేనే అడ్డం పడ్డాను. చివరికి ఇద్దరం కలిసి ఉపాయం కనిపెట్టాం. కవరు ఎలాగూ అద్దంలాంటిది. అచ్చు లోపలి వైపుకు తిప్పిస్తే బొమ్మ బయటికి కనిపిస్తుంది, ఎవరి కాలూ అవ్వకు తగలదు. ఆ రోజు మేమేదో గొప్ప పుణ్యం చేసినట్టు సంబరపడ్డాం.

ప్రొద్దుటూరులో అచ్చు వేసే దావీదురాజు అప్పుడే చెప్పాడు. "అచ్చు బయటికే ఉండాలప్పా. ఆ పసుపు తినేదానికి తగిలే రంగు కాదు. పులుపు తగిలితే కరుగుతాది" అన్నాడు. తినే సరుకుకు అచ్చు తగలకూడదని ప్రభుత్వ నియమం కూడా ఉందన్నాడు. "శానా ఏండ్ల నుంచి సరుకు చేస్తాండాం, మాకు తెలీదా" అని నేను నవ్వేశాను. ఈ మాట నీకు గానీ అమ్మకు గానీ చెప్పలేదు.

ఉగాదికి ముందు బెంగళూరు దుకాణాల కంపెనీ మన సరుకు పెట్టుకుంటామంది కదా. సీసం, కాడ్మియం, పాదరసం, ఒక రకం క్రోమియం, ఈ నాలుగూ కలిపి కవరులో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు దాటకూడదని వాళ్ల నిబంధన. పరీక్ష చేయించి కాగితం పంపమన్నారు. చేయించాను. సీసం ఒక్కటే రెండు వేల పైచిలుకు వచ్చింది. ఆ కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి, కవర్ల చుట్ట చివర అచ్చు పడని ఉత్త కవరును మళ్లీ పరీక్షకు పంపాను. అది శుభ్రంగా వచ్చింది. నువ్వు హారతి పళ్లెంలో పెట్టి దండం పెట్టుకున్నది ఆ రెండో కాగితానికే.

గోడౌనులో ఇంకా ఆరు నెలలకు సరిపడా చుట్టలున్నాయి, అవి అయిపోగానే మార్చేద్దాం, పదకొండు మంది ఆడవాళ్ల పని ఆగకూడదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ మాటలు కరువు లేదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి మూడు కాగితాలు చింపేశాను. పరీక్ష కాగితం వచ్చిన వారానికే ఒక సాయంత్రం నాగశ్రీ బడి నుంచి వచ్చి, ప్యాకింగ్ దగ్గర రామసుబ్బమ్మ పక్కన కూర్చుంది. రామసుబ్బమ్మ మనమరాలు కూడా అక్కడే ఉంది. ఇద్దరూ ఉండలు తినేసి, కవర్లు చింపి అరచేతిలో పరిచి నాకుతున్నారు. మన బిడ్డ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. "నాయనా, కవరు మింద జేజి చీర రంగంతా నా నాలిక్కి వచ్చింది చూడు" అని నాలుక చాపింది. పసుపుగా ఉంది.

నేను ఆ కవరు లాక్కోలేదు శివా. లాక్కుంటే రామసుబ్బమ్మ చూస్తుంది, ఎందుకని అడుగుతుంది, ఆ మాట నలుగురికీ తెలుస్తుంది అని భయపడ్డాను. "బాగుందమ్మా" అన్నాను. అది మళ్లీ పోయి అక్కడే కూర్చుంది. ఆ తరువాత కూడా ఎన్నో సాయంత్రాలు కూర్చుంది. నేను గడప దగ్గరి నుంచి చూసి లోపలికి పోయేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం పని ఆపించి ఆడవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ అరవలేదు. రామసుబ్బమ్మ చేతులు కడుక్కొని వచ్చి నా ఎదురుగా నిలబడింది. "నా మనమరాలు గూడా నీ కూతురి పక్కనే కూసోని కవర్లు నాకె గదప్పా. నువ్వు చూస్తానే ఉంటివి గదా" అంది. పక్కింటి ఆటోలో ఆ పిల్లను రక్త పరీక్షకు తీసుకుపోయింది. నేను తోడు వస్తానంటే వద్దంది.

అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. "తిప్పమనింది నేనే గదా" అని అదే మాట అంటోంది. ఆమెకు తెలియదు, తెలిసినవాణ్ణి నేను అని ఎంత చెప్పినా వినిపించుకోవడం లేదు. బద్వేలు, ప్రొద్దుటూరు, కర్నూలు బడుల దగ్గర అంగళ్లకు ఫోన్లు చేశాను. సగానికి పైగా సరుకు అమ్ముడుపోయింది. ఎవరి బిడ్డలు తిన్నారో ఎవరు చెప్పగలరు.

డాక్టరమ్మ ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. ఇంటికి దూరంగా ఉన్నా బిడ్డ రక్తంలో సీసం ఎందుకు తగ్గడం లేదని ఆమె అడిగిందన్నావు. పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసి, బిడ్డ అన్నం తోసేస్తోంది, పుల్లుండలైనా తింటుందేమో పంపండి అన్నావు. వద్దంటే కారణం చెప్పాలి. చెప్పలేక, నా చేతులతోనే ఇరవై ప్యాకెట్లు సంచిలో పెట్టి మీ తమ్ముడి చేత పంపాను. నిన్న పొద్దున ఫోన్ చేసి, మిగిలినవి బిడ్డకు అందనివ్వద్దు, చీమలు పట్టాయి అన్నాను. చీమలు పట్టలేదు.

పారేసి ఉంటే చెత్తబుట్టలోంచైనా ఒక కవరు తీసి డాక్టరమ్మకు ఇవ్వు. మొదటి పరీక్ష కాగితం దీంతోపాటే పెట్టాను. ఈ ఉత్తరం కూడా ఆమెకు చూపించు, నా పరువు చూడొద్దు. రేపు కడపకు పోయి ఆహార తనిఖీ అధికారికి ఇదే రాసిస్తాను. వాళ్లు వదిలితే మంగళవారం కర్నూలు వస్తాను. వార్డులోకి రానివ్వాలో వద్దో నీ ఇష్టం. నాయన పనిమీద ఊరికి పోయాడని మాత్రం బిడ్డకు చెప్పొద్దు. గేటు బయటే ఉన్నాడని చెప్పు.

ఇట్లు,
నాగశ్రీ నాయన,
జ్ఞానేశ్వర్.