అరగని పిస్టన్ రబ్బర్లు

డ్రిల్లింగ్ పంపుల మెకానిక్ గారికి,

విడిభాగాల దుకాణం నుంచి రాస్తున్నాను. మీ పంపు క్షేమమని నాకు తెలుసు. ఎలాగంటారా? పాతది తిరిగి ఇస్తేనే కొత్తది ఇవ్వడం మా పద్ధతి. అరిగిపోయాయంటూ మీరు పంపిన పిస్టన్ రబ్బర్లను కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. బురద తోడే పంపులో ఆడిన రబ్బరుకు అంచు చిరిగి ఉండాలి. వీటి మీద గీత కూడా లేదు.

మా మనవరాలూ తక్కువ తినలేదు. రబ్బరు ఆడే లైనరు గొట్టం సైజు కళ్ళు మూసుకుని చెప్పగల పిల్ల, మీకు మాత్రం ప్రతిసారీ తప్పు సైజే తెస్తోంది. మార్చి ఇవ్వాలంటూ మళ్ళీ బయల్దేరుతోంది.

"పంపు ఆగిపోతుంది అమ్మమ్మా, నేనే వెళ్ళాలి!"

"పంపు కోసం అద్దం ముందు అంతసేపెందుకే?"

"హెల్మెట్ సరిచేసుకుంటున్నా!"

బాబూ, రేపు నిజంగానే రబ్బరు చిరిగి నువ్వు కబురు పంపితే నేను నమ్మను. పంపు ఆగుతుంది, బావి పని ఆగుతుంది, నీ ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం లేనివాడికి నేను పిల్లనివ్వను.

కాబట్టి ఆదివారం మీ అమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి రా. అంతవరకూ సరుకు నేనే తెచ్చి ఇస్తాను. సైజు తప్పదు.

ఇట్లు,
ఆ పిల్ల అమ్మమ్మ