తమ్ముడు లేడు

8 ఫిబ్రవరి 2025, శనివారం

ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకాదు. కూతురు బేబి మాట నిలబెట్టుకుంది. అల్లుడు జగదీష్ సెలవు పెట్టాడు. మనవరాలు హేమలత మూడు రోజులు స్కూలు మానేస్తోంది. పద్నాలుగేళ్ల తర్వాత నలుగురం కలిసి లూర్దు మేరీమాత పండగకి అరకు దగ్గర మా ఊరు వెళ్తున్నాం. కొండ మీద మా గుడి! మా చలి! మా డప్పులు! పొద్దుటి నుంచి సంచీ మూడుసార్లు సర్దాను. మూడోసారికి నడుం పట్టేసింది. ఏటి నాన్నా, ఆ సంచీ నువ్వు మోస్తావేటి, కూర్సో ఓ దగ్గర అని బేబి లాక్కుపోయింది.

మా అన్నయ్య బుధుకి డెబ్భై ఆరు. నాకు డెబ్భై ఒకటి. నాతో ఒక్క మాట మాట్లాడితే చాలు. తిట్టినా సరే.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఆ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. ఇవాళ రాసేస్తాను.

పండగనాడు మాత పల్లకీ ముందు కొన మేమిద్దరమే మోసేవాళ్లం. కుడి పక్క అన్నయ్య, ఎడమ పక్క నేను. బేబి పెళ్లి గుడిలో జరగలేదు, రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. జగదీష్ వాళ్లు హిందువులు, పార్వతీపురం వాళ్లు. ఆ ఏడు పల్లకీ ఎత్తబోతుంటే, ఊరంతా చూస్తుండగా, కూతుర్ని గుడిలో నిలబెట్టలేనోడు మాత ముందర నిలబడతాడేటి, పక్కకెళ్లు అన్నాడు అన్నయ్య. వెళ్లాను. పక్కకి కాదు, పార్వతీపురం దాకా వెళ్లిపోయాను. మార్కెట్ యార్డులో పదేళ్లు వాచ్‌మన్‌గా చేశాను. ఆయన పిలవలేదు. నేను వెళ్లలేదు. మూర్ఖత్వం మా అమ్మ ఇద్దరికీ సమానంగానే పంచింది.

జగదీష్ పాపం బంగారం లాంటివాడు. మావయ్యా, నా మూలంగానే కదా, నేనే వెళ్లి మీ అన్నయ్యకి దండం పెట్టేస్తాను అంటున్నాడు. వద్దన్నాను. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

10 ఫిబ్రవరి, సోమవారం, మధ్యాహ్నం

విజయనగరంలో బస్సు మారాం. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేశాయి. అరకులో జీపు. అది దిగాక రెండు కిలోమీటర్లు నడక. ఒకప్పుడు కాఫీ బస్తా నెత్తిన పెట్టుకుని పరిగెత్తిన దారి. ఇవాళ నాలుగుసార్లు కూర్చున్నాను. తాతయ్యా, నువ్వు ప్రతి రాయికీ హలో చెప్తున్నావు అని హేమలత వెక్కిరించింది.

అయినా నా ఆనందం నాదే. బూరుగు చెట్లు ఎర్రగా పూశాయి. ముంగిళ్లలో కాఫీ కాయలు ఎండుతున్నాయి. ఆ పులిసిన వాసన పీలిస్తే సగం అలసట పోయింది. మిగతా సగం మోకాళ్లలో ఉండిపోయింది.

పల్లకీ లేదు. మాతను బొలెరో మీద పెట్టి ఊరేగిస్తున్నారట. మోసేవాళ్లు లేరట. దేని దగ్గర కొట్టుకున్నామో అదే లేదు.

10, సాయంత్రం

గుడి పక్క హాస్టల్లో చాపలిచ్చారు. ఇక్కడ నన్ను చూసి ఎవరూ పలకరించడం లేదు. చూస్తారు, ఆగిపోతారు, గుసగుసలాడుకుంటారు. కుళాయి దగ్గర మా వదిన సోములమ్మ కనిపించింది. వదినా అన్నాను. నన్ను చూసి సిలువ గుర్తు వేసుకుని, వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయింది. ఇదేం మర్యాదో.

ప్రార్థనలో అన్నయ్య షామియానాకి అవతలి పక్క కూర్చున్నాడు. ఎంత చిక్కిపోయాడు! నన్ను చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు.

చాలా అలిసిపోయాను. బీపీ మాత్ర వేసుకున్నాను.

11 ఫిబ్రవరి, మంగళవారం, ఉదయం 10

పూజలో నా పేరు చదివారు. చచ్చిపోయినవాళ్లలో.

11, మధ్యాహ్నం

వరసగా రాస్తాను.

పూజ మొదలయ్యే ముందు, గుడి పనులు చూసే ఉపదేశి రవిబాబు మైకులో చదివాడు. ఈ కింది వారి ఆత్మశాంతి కొరకు అని అయిదారు పేర్లు. ఆఖరున, గాసి జోజప్ప, కోరినవారు అన్న బుధు. గాసి ఇంటి పిలుపు, జోజప్ప జ్ఞానస్నానం పేరు. రెండూ నావే. తాతయ్యా నీ పేరే అని హేమలత గట్టిగా అనేసింది. అందరూ తిరిగారు. మాట్లాడకపోతే పోయె, అన్నయ్య నన్ను చంపి పూజ కూడా పెట్టించాడన్నమాట. బతికి ఇంత దూరం ఎందుకొచ్చానా అనిపించింది.

పూజ అవగానే బేబి రవిబాబు మీదికి వెళ్లింది. బతికున్నోడికి ఆత్మశాంతేటండీ, కళ్లు కనపడవేటి అంది. ఆయన పన్నెండేళ్ల కింద చింతూరు నుంచి వచ్చిన మనిషి, నేనెవరో ఎరగడు. నోట్‌బుక్కు తెచ్చి చూపించాడు. పదకొండేళ్లుగా ప్రతి పండగకీ నా పేరు. అమ్మా, నా తప్పేముంది, మీ పెదనాన్నే వచ్చి మా తమ్ముడు లేడు, వాడి కోసం పూజ చెప్పించండి అన్నాడు, లేడంటే నేనేమనుకోవాలి, ఎలా పోయాడని అడిగితే ఏడిచాడు కూడా అన్నాడు.

ఈలోగా అన్నయ్య వచ్చాడు. నాకు మూడడుగుల దూరంలో నిలబడి రవిబాబుతో మాట్లాడాడు. నాను లేడన్నాను గానీ సచ్చిపోయాడన్నానేటి, ఊళ్లో లేడు, నా పక్కన లేడు, అదే కదా సెప్పాను అన్నాడు. మరి ఏటేటా ఆత్మశాంతి అని చదువుతుంటే వినలేదా అని రవిబాబు అడిగాడు. ఇన్నాను, మంచిదే కదేటి, బతికున్నోడికి ఆత్మ ఉండదేటి, ఎక్కడో ఒక్కడూ ఉన్నాడు, ఆడి ఆత్మకి శాంతి వద్దేటి అన్నాడు.

అప్పుడు వదిన ముందుకొచ్చింది. ముసలోడా, నీ నోట్లో మన్నుబడ, ఇంట్లో ఆ పేరెత్తితే కంచం ఇసిరేసేవోడివి, అడగడానికి భయమేసి పదకొండేళ్లు నానొక్కదాన్నే ఏడిసినాను కదరా అని అన్నయ్యని వీపు మీద కొట్టింది. సమాధుల పండగకి నా పేరున కొవ్వొత్తి కూడా వెలిగిస్తోందట. నన్ను చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. సిక్కిపోనావు బాబూ అంది. ఊరంతా నవ్వు.

ఫాదర్‌గారు కూడా నవ్వారు. మన గుడి పరిధి మొత్తంలో బతికుండగా పదకొండు ఆత్మశాంతి పూజలు నీకొక్కడికే దక్కాయి జోజప్పా, అడ్వాన్సుగా ఉంచుకో అన్నారు.

పదకొండేళ్లు! మా అన్నయ్య! నా కోసం! దేవుడా, ఈ ముసలి గుండె ఎంతని మోస్తుంది.

కానీ నాతో మాత్రం ఒక్క మాట లేదు.

12 ఫిబ్రవరి, బుధవారం

నిన్న భోజనం అన్నయ్య ఇంట్లోనే. సోములమ్మా, ఆడికి ముక్కలెయ్యి అన్నాడు. హేమలతని చూపించి, ఆ గుంటకి పెరుగు పొయ్యి అన్నాడు. జగదీష్‌ని చూసి, ఆ బాబు తింటాడేటి మనింట్లో అని వదిననడిగాడు. రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాడు మా అల్లుడు. అన్నయ్య వాడి కంచంకేసే చూస్తూ కూర్చున్నాడు.

ఇవాళ రోడ్డు దాకా మా ముందు నడిచాడు. వెనక్కి తిరగలేదు. నేను ఆయాసంతో ఆగితే ఆయనా ఆగి, సిల్వర్ ఓకు చెట్టు మీద మిరియాల తీగ చూస్తున్నట్టు నిలబడ్డాడు. జీపు వచ్చాక డ్రైవరుతో అన్నాడు, ముసలోడు, ముందు సీట్లో కూర్సోబెట్టు, బేగి తోలకు అని. నాకంటే అయిదేళ్లు పెద్ద, నేను ముసలోణ్ణట!

బస్సులో పడుకుండిపోయాను. సంతోషానికి కూడా ఒళ్లు నొప్పులొస్తాయి.

14 ఫిబ్రవరి, శుక్రవారం

మంచం దిగలేదు. జ్వరం లేదు, నీరసం. బేబి జావ పోసింది. పెదనాన్న మాట్లాడలేదని బెంగా అంది. లేదన్నాను. అబద్ధం.

16 ఫిబ్రవరి, ఆదివారం, ఉదయం 6:30

ఫోను మోగింది. రవిబాబు నంబరు. ఎత్తాను. చాలాసేపు దగ్గు వినిపించింది. తర్వాత, ఉన్నావేట్రా అన్నాడు అన్నయ్య.

ఉన్నానన్నాను.

పెట్టేశాడు.