రేకు ముక్కతో గీసిన సూర్యుడు

మార్చి 4

అత్త ససేమిరా అంది. పాత ఆస్బెస్టాస్ రేకులు లైసెన్సున్నవాళ్ళే దించాలట, మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టిందట, వాళ్ళొచ్చేదాకా నోరు మూసుకోమంది. ఆగడమే మన జనానికున్న రోగం అన్నాను. పెరట్లో ఆ రేకుల గదిలోనే అత్త పగలంతా పసిపిల్లల్ని చూసుకుంటుంది. తల్లులు పనికి పోతూ దింపి వెళ్తారు. రేకు పగిలితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఎన్నేళ్ళకో ప్రాణం తీస్తుందని మా సంఘం తరఫున వీధి వీధికీ పాంప్లెట్లు పంచినవాణ్ణి నేను. నా నెత్తిమీద రేకుల సంగతి అర్జీకి వదిలెయ్యాలా?

లీడరుగారికి కోపమొచ్చింది, అన్నం పెట్టనా అంది అత్త. ముద్దో ఎగతాళో ఎప్పటికీ తేలదు.

మార్చి 8, ఆదివారం

పిల్లలు రాని రోజు. అత్త వద్దంటూనే వచ్చి నిచ్చెన పట్టుకుంది. పాంప్లెట్ నాకు కంఠతా వచ్చు. మాస్కు కట్టు, రేకు తడుపు, బోల్టు విప్పు, పగలగొట్టకు. అన్నీ చేశాను. రేకులు ఒక్కొక్కటే పువ్వుల్లా దిగాయి. ఆఖరి రేకు దగ్గర ఒక బోల్టు తుప్పుపట్టి మొరాయించింది. నూనె పోశాను. తిట్టాను. ఈలోగా ఎండకి రేకు ఆరిపోయింది. కింది నుంచి అత్త, ఆ కాగితంలో బోల్టు గురించి ఏం రాశారో చూడరా లీడరూ అని నవ్వింది.

ఒళ్ళు మండింది. సుత్తి ఎత్తి కొట్టాను. మళ్ళీ కొట్టాను. బోల్టు చెక్కుచెదరలేదు, రేకు తునాతునకలైంది. దుమ్ము తగ్గాక చూస్తే అత్త జుట్టు తెల్లగా ఉంది. మాస్కు నాకొక్కడికే తెచ్చుకున్నాను.

మార్చి 8, సాయంత్రం

పగలని రేకులు ప్లాస్టిక్ షీట్లో చుట్టి గోడకి ఆనించాను. ముక్కల్ని పారెయ్యడానికి వేరే చోటుంది, కానీ అక్కడ ఎవరు దించారని అడుగుతారు. సంచుల్లో నింపి ప్రహరీ వెనక ఖాళీ స్థలంలో పడేశాను. పైన మా సంఘం బ్యానరు కప్పాను.

మార్చి 11

అత్త దగ్గుతోంది. జలుబే అంటోంది.

మార్చి 13, మధ్యాహ్నం

చిట్టెలుక అని పిలుస్తాం దాన్ని. పిల్లలందరిలోకీ చిన్నది. ఇప్పుడు పిల్లలుండే వసారా గోడమీద తెల్లగా సూర్యుణ్ణి గీస్తోంది. చేతిలో రేకు ముక్క. అది సుద్దలా భలే రాస్తుంది. ప్రహరీ సందులోంచి దూరి తెచ్చుకుందట, ఇంకా చాలా ఉన్నాయట, నాకూ ఒకటి ఇస్తానంది.

లాక్కుని అరిచాను. అది గుక్కపట్టి ఏడ్చింది. ఎందుకు అరిచావని అత్త అడిగితే, గోడ పాడుచేస్తోందని చెప్పాను.

మార్చి 16

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చంకలో మడత పెట్టిన మా బ్యానరు. విప్పి మెల్లగా చదివింది: పసివాళ్ళ ఊపిరికి మేమే కాపలా. దించినవాళ్ళూ, దించనిచ్చిన ఇంటి యజమానీ, తెచ్చి పారేసినవాళ్ళూ అందరూ బాధ్యులేనంది. పిల్లల గదికిచ్చిన అనుమతి కూడా పోవచ్చట. ఇల్లు అత్త పేరున ఉంది. నేనే కూలీల చేత దింపించానమ్మా, వాళ్ళెవరో తెలీదు, ఈ బ్యానరు ఏ గాలికి కొట్టుకొచ్చిందో అంది అత్త, నా వైపు చూడకుండా.

నేనేమన్నానో ఇక్కడైనా రాయాలి. మంచినీళ్ళు కావాలా మేడమ్ అన్నాను.

మార్చి 17

ఆఫీసుకెళ్ళి చెప్పేశాను. కేసులోంచి అత్త పేరు కొట్టేస్తారనుకున్నాను. కొట్టెయ్యరు. దాని కింద నా పేరూ రాస్తారు, అంతే. పొడి రేకు ఎందుకు పగలగొట్టావని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. ఇలాంటి రేకులు అమ్మిన కంపెనీల గురించి పెద్ద ఉపన్యాసమే సిద్ధం చేసుకెళ్ళాను. కోపమొచ్చింది మేడమ్ అన్నాను. అదే రాసుకుంది.

ఇంటికొచ్చి చెబితే, మంచినీళ్ళు తెచ్చినప్పుడే చెబితే బస్సు ఎక్కే పని తప్పేదిగా అంది అత్త. తర్వాత చాలాసేపు దగ్గింది. వీపు నిమరబోతే అక్కర్లేదంది.

మార్చి 24

గదికి సీలు వేశారు. తెల్ల డ్రెస్సులవాళ్ళొచ్చి గోడ కడిగి వెళ్ళారు.

చిట్టెలుకని వాళ్ళమ్మ మా గుమ్మం ముందు నుంచే ఇంకెక్కడికో తీసుకెళ్తోంది. నన్ను చూడగానే రెండు చేతులూ వెనక దాచుకుంది.

ఖాళీ చేతులే.