పాల్ చేతి పని కాదు

పాకాల,
బుధవారం.

ప్రియమైన అమ్మకు కోమలి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, తడలో ఉక్క నీకు పడుతోందో లేదో, తమ్ముడికి ఇంకా రాత్రి డ్యూటీలే వేస్తున్నారో రాయి. ఫోన్లో నేను ఎంత అరిచినా నీ చెవికి అందదు, మా వీధంతా మాత్రం వింటుంది. అందుకే ఈ జాబు. పైగా ఇప్పుడు నాకున్న కోపాన్ని మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చివరిదాకా చెప్పుకోవాలని ఉంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నువ్వు పంపిన వడియాలు అందాయి, సగం అయిపోయాయి కూడా. నాయన పనిముట్ల సంచి నా దగ్గర భద్రంగా ఉంది. ఉలులకు, చిత్రికకు నూనె రాసి పెట్టాను. ఇక, "మీ పడగ్గదిలో సొరుగుల బల్ల చాలా బాగుందని గురవమ్మ పిన్ని చెప్పింది, అల్లుడు ఆ పని ఎప్పుడు నేర్చుకున్నాడు?" అని రాశావే, దానికే ఈ జాబంతా.

అల్లుడు నేర్చుకోలేదమ్మా. అది చేసింది నేను. నువ్వు కూడా ఇలా అడుగుతావా? నాయన దుకాణంలో చిత్రిక పొట్టు మీద దొర్లి పెరిగిన పిల్లనని నీకు తెలియదా? నేను పెద్దమనిషినయ్యాక దుకాణం గడప తొక్కొద్దని కట్టడి చేసింది నువ్వే కదా. నువ్వు లేనప్పుడు నాయన పిలిచి మళ్లీ ఉలి చేతికిచ్చేవాడు. ఆ సంగతి కూడా నీకు తెలుసు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన వేప మానును కోత మిల్లులో పలకలు కోయించి తెచ్చింది నీ అల్లుడే. అది నేను కాదనను. వేసవంతా పెరట్లో రేకుల కింద ఆరబెట్టాం. ఆ తర్వాత గీత గీసింది, కోసింది, చిత్రిక పట్టింది నేను. సొరుగుల మూలలకు మేకు కొట్టలేదు. నాయన చేసినట్టే పళ్లు కోసి ఒకదానిలో ఒకటి దింపి బిగించాను. మొదటి సొరుగు వంకరపోతే పొయ్యిలో పెట్టి మళ్లీ చేశాను. అడుగు సొరుగు వాన పడితే ఇప్పటికీ పట్టేస్తుంది. పైన అద్దం బిగించి చూసుకుంటే తల నిండా పొట్టు, ముక్కు మీద జిగురు. నన్ను చూసి నేనే నవ్వుకున్నాను. నీ అల్లుడు గరుకు కాగితంతో వెనక పలక రుద్దాడు. గోడవైపు ఉండే పలక.

పోయిన నెల ఇంటి ప్రార్థనకు పాస్టరయ్యగారు, సంఘం వాళ్లు వచ్చారు. గది గదిలో ప్రార్థన చేస్తూ పడగ్గదిలోకి వచ్చి, అయ్యగారు బల్ల మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"యాడ కొన్నారమ్మా దీన్ని? శానా బాగుండాది."

నేను నోరు తెరిచేలోపలే అత్త అందుకుంది. "కొనింది కాదయ్యగారూ. మా పాల్ చేసినాడు."

నేను పాల్ వైపు చూశాను. నీ అల్లుడు నేలవైపు చూసి చిన్నగా నవ్వాడు. కాదనకపోతే పోయె, ఆ నవ్వెందుకమ్మా? అయ్యగారు కళ్లు మూసుకున్నారు. "వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువా, నీ దాసుడు పాల్ చేతులకు నువ్విచ్చిన నేర్పు కోసం నీకు స్తోత్రం" అన్నారు. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది. ఆ ఆమేన్ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వాళ్లు వెళ్లాక పాల్‌ను నిలదీశాను.

"అమ్మ అనేసినాక అందరి ముందర కాదని ఎట్ల చెప్పేది? ఆమె మొగం ఏం కావాల?" అన్నాడు.

"మరి నా మొగం?"

"మనకు తెలుసు కదా కోమలీ. ఇంకెవురికి తెలిసి ఏం కావాల?"

అత్తను అడిగితే ఆమె ఇంకో మెట్టు పైనుంచి మాట్లాడింది. "ఆడది రంపం పట్టిందని చెప్పుకుంటే మా వాడు చేతగానోడని అనుకోరా? బాగుండాదన్నారు, అది చాలదా నీకు?"

నా అరచేతులు కాయలు కాసింది ఆయన పరువు కోసమా? చెప్పు.

అంతటితో ఆగలేదు. గుడికి కొత్త ప్రసంగ పీఠం చేసిపెట్టమని సంఘం పెద్దలు పాల్‌ను అడిగారు. ఈయన సరేనని వచ్చేశాడు! వచ్చి, "పెరట్లో చేసేయ్. ఎవురూ సూడరు" అని నాకే చెప్పాడు. ఎవరూ చూడరట. దొంగసారా కాస్తున్నానా నేను?

"ఒప్పుకునింది నువ్వు, నువ్వే చెయ్" అన్నాను. రోషానికి నాయన రంపం తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. కాసేపటికి అది పలకలో ఇరుక్కుని ముందుకూ రాలేదు, వెనక్కీ రాలేదు. నేను వంటింటి వాకిట్లోంచి చూస్తూ పప్పుకు తాళింపు వేసుకున్నాను. సాయానికి వెళ్లలేదు.

ఇంతవరకూ రాయకుండా దాచిన మాట ఇప్పుడు రాస్తాను. గురవమ్మ పిన్ని చెప్పేలోపల నా ద్వారానే నీకు తెలియాలి. మొన్న ఆదివారం గుళ్లో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచి నిలబడ్డాను.

"దేవుని ముందర ఒక అబద్ధానికి ఆమేన్ చెప్పినాను. దాన్ని ఈ పొద్దు వెనక్కి తీసుకుంటా ఉండాను. మా ఇంట్లో బల్ల చేసింది పాల్ కాదు, నేను. మా నాయన దగ్గర నేర్చుకున్న పని. స్తోత్రం చెప్పేదుంటే నా చేతుల కోసం చెప్పండి" అని కూర్చున్నాను.

ఒక్కరూ స్తోత్రం అనలేదు. అత్త లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది. మగవాళ్ల వైపు నుంచి పాల్ కూడా లేచాడు. ఆమె వెనకే పోతాడనుకున్నాను. పోలేదు. "కోమలి చెప్పింది నిజం. నేను వెనక పలక రుద్దినాను, అంతే. మా అమ్మ అన్నప్పుడు కాదనేదానికి నాకు ధైర్యం చాల్లేదు" అన్నాడు.

ఇది చదివి నీ మనసు చల్లబడుతుందని తెలుసు. నాది చల్లబడలేదమ్మా. లేచి నిలబడితే అయిపోయే మాటను ఇన్నాళ్లూ ఎందుకు మింగాడు? నేను లేవకుంటే జన్మంతా మింగేవాడేగా? ఇంటికొచ్చే దారిలో అదే అడిగాను. "మింగేవాణ్నే" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆ పూట అన్నం మాత్రం నేనే వడ్డించాను.

మరునాడు అయ్యగారు ఇంటికి వచ్చారు. "పాల్‌ను అడగడం మా తప్పమ్మా. ఇప్పుడు నిన్ను అడుగుతా ఉండాను. పీఠం చేస్తావా?"

"చేస్తానయ్యగారూ. పెరట్లో కాదు, ఇంటి ముందర."

అత్త ఉలిక్కిపడింది. "ఈదిలోనా?"

"ఈదిలోనే అత్తా."

నిన్న మొదలుపెట్టాను. పాల్ డ్యూటీ దిగి వచ్చి, పలక కదలకుండా పట్టుకుంటున్నాడు. దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఈ ఉదయం స్టేషన్‌కు పూలు తీసుకుపోయే ఆమె ఆగి అత్తను అడిగింది. "ఎవురు సుబ్బులమ్మక్కా ఈ పని చేసేది? యాడి నుంచన్నా పిలిపించినారా?"

అత్త అరుగు మీద బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. నేను చేతిలో పని ఆపేశాను. పాల్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు. చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి, "మా కోడలు" అంది. అని, చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రెండు మాటలు ఆమె గొంతు దాటడానికి ఎంత కష్టపడ్డాయో నేను చూశాను. జాలి పడాలేమో. పడలేదు. చిత్రిక అందుకుని మళ్లీ పనిలో పడ్డాను.

ఇట్లు,
నీ కూతురు,
వడ్రంగి చెంగయ్య బిడ్డ
కోమలి