పద్నాలుగో ప్రశ్న

మార్చి 4, 2019

ఉద్యోగం దొరికింది. పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో ఇంటింటికీ వెళ్లి సర్వే ఫారాలు నింపాలి. తర్వాత ఆఫీసులో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పరాయి తలుపు కొట్టాలంటే నాకు చెమటలు పడతాయి. సొంత వీధికి మాత్రం పంపరట, అదొక్కటే నయం.

పద్నాలుగో ప్రశ్న: తప్పు చేసిన కుర్రాళ్లను సాయుధ ముఠాలు కొట్టడం, కాళ్ల మీద కాల్చడం అవసరమేనా? పదిహేనోది: మీ ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందా?

సూపర్‌వైజర్ హేజెల్ ఒకటే చెప్పింది. నీకు తెలిసింది కాదు, వాళ్లు చెప్పింది రాయి.

మార్చి 7

మిసెస్ మెక్‌గ్లించీ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఈస్టర్ ముందు ఉపవాసాల లెంట్ అని తను చక్కెర మానేసి, నా కప్పులో రెండు చెంచాలు వేసింది. పద్నాలుగో ప్రశ్నకు నవ్వింది.

"ఊరికే ఎవరు కాలుస్తారు తల్లీ? ఏదో చేసే ఉంటాడు."

'కొన్నిసార్లు అవసరమే' దగ్గర టిక్ పెట్టాను. పదిహేనుకి లేదంది. తలుపు వెనక చంకకర్రలు ఉన్నాయి. మేడ మీద కొడుకు దగ్గుతున్నాడు. లేదు అనే రాశాను.

పదకొండు ఇళ్లు తిరిగాను. తొమ్మిదింట్లో 'కొన్నిసార్లు'.

మార్చి 12

తమ్ముడికి ముఠా నుంచి కబురొచ్చింది.

ఫెర్గల్ పార్టీల్లో మత్తు మాత్రలు అమ్మాడట. గురువారం ఆరింటికి చర్చి వెనక సందుకి రావాలి. తనంతట తాను వస్తే ఒక్క కాలు, అదీ కండ వరకే. వెతికించుకుంటే రెండు మోకాళ్లూ. బేకరీలో తన షిఫ్ట్ ఆరు దాకా ఉందని, ఆరున్నర చేయమని మమ్మీ అడిగిందట. సరేనన్నారట.

పోలీసులకు చెబుదామన్నాను.

"చెప్పి, ఈ వీధిలో ఎలా బతుకుతాం బ్రోనా?" అంది మమ్మీ.

నాకు ఇరవై, వాడికి పద్దెనిమిది. ఇద్దరం ఉత్తర ఐర్లండ్‌లో తుపాకులు ఆపిన 1998 శాంతి ఒప్పందం తర్వాత పుట్టినవాళ్లమే.

మార్చి 13

ఫెర్గల్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ కాలు ఇమ్మంటావ్, ప్రొఫెసర్?"

ఎప్పుడూ అలాగే ఏడిపిస్తాడు. ఎడమది అన్నాను. వాడు బంతి తన్నేది కుడికాలితో.

చెప్పాక గానీ తెలియలేదు, నేనూ జవాబు ఇచ్చేశానని.

మార్చి 14, సాయంత్రం 6.20

కొత్త జీన్స్ వేసుకుని దిగాడు. మమ్మీ పిండి అంటిన చేతులు ఇంకా కడుక్కోలేదు. పాడైపోతాయి, పాతవి వేసుకోమంది. వెళ్లి మార్చుకొచ్చాడు. పెయిన్‌కిల్లర్లు రెండు, వాటి మీద విస్కీ తాగించింది. చిన్నప్పుడు చర్చిలో ఫస్ట్ కమ్యూనియన్ రోజున పట్టుకున్నట్టు వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

6.41

ఒక్కటే చప్పుడు.

మార్చి 15

ఎడమ కాలే. కానీ కండ కాదు, మోకాలు. ఇక బంతి ఆట లేదన్నాడు డాక్టర్.

ఎవరు కాల్చారని పోలీసు అడిగాడు. మమ్మీ తెలియదంది. నేనూ.

ఏప్రిల్ 2

మా వీధి ఫారాలొచ్చాయి. పోయిన బుధవారం వేరే ఎవరో వచ్చి నింపినవి. పేర్లుండవు. నలభై ఒకటో ఫారం: బేకరీ ఉద్యోగి, కూతురు ఇరవై, కొడుకు పద్దెనిమిది.

పద్నాలుగు: కొన్నిసార్లు అవసరమే.

పదిహేను: లేదు.

చెప్పింది చెప్పినట్టే ఎక్కించాను.